రాగికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టదు కదా, మరి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) రాగితోనే ఎలా చేస్తారు?

పల్లెబడి_టీచర్

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పోయిన వారం పదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు, లవణాలు పాఠం జరుగుతోంది. జింకు ముక్కలు సజల ఆమ్లంలో వేస్తే బుడగలు రావడం, వెలుగుతున్న అగ్గిపుల్ల దగ్గర పెడితే టప్‌మని ఆరిపోవడం అన్నీ చూపించాను. తర్వాత రాగి ముక్క వేశాం, ఏమీ కాలేదు. రాగి చర్యాశీలత శ్రేణిలో (చర్య జరిపే గుణం ఎక్కువ నుంచి తక్కువకు పేర్చిన వరుసలో) హైడ్రోజన్ కంటే కింద ఉంటుంది కాబట్టి హైడ్రోజన్‌ను స్థానభ్రంశం చేయలేదు అని బోర్డు మీద రాసి ముగించబోతుంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేడం, బీరువాలో నీలం సీసా మీద కాపర్ సల్ఫేట్ అని రాసుంది. సల్ఫేట్ అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం లవణం అన్నారు. రాగి ఆ ఆమ్లంతో కలవనే కలవదంటే ఆ సీసాలోది ఎలా వచ్చింది?" అని అడిగింది.

గాఢ ఆమ్లంతో వేడి చేస్తే వస్తుందని చెప్పాను. నోటితో చెప్పడమే తప్ప చూపించలేను. మా గదికి ఉన్నవి రెండు కిటికీలు, అంతే. పొగలు లాగే ఏర్పాటు ఏదీ లేదు, నలభై మంది పిల్లలు.

ఇంకో సంగతి. ఆ రోజు వేసిన రాగిని అలాగే వదిలేశాం. ఒకటి రబ్బరు బిరడా పెట్టిన పరీక్షనాళికలో నిండా ఆమ్లం పోసి, ఇంకొకటి వెడల్పాటి బీకరులో కొంచెం ఆమ్లంలో, సగం రాగి పైకి కనబడేలా. నాలుగు రోజులకు బిరడా పెట్టినదాంట్లో మార్పు లేదు కానీ బీకరులోది లేత నీలం తిరిగినట్టు అనిపిస్తోంది. తెల్ల కాగితం పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పిల్లలు "చర్య జరిగింది మేడం" అంటున్నారు, నాకేమో బీకరు సరిగ్గా కడగలేదేమోనని అనుమానం.

రాగి లోహంతో మొదలుపెట్టి, నా గదిలో ప్రమాదం లేకుండా, మైలుతుత్తం స్ఫటికాలు పిల్లల ముందు చేసి చూపించే దారి ఉందా? ఆ లేత నీలం సంగతేంటి?

---

ల్యాబు_పాతకాపు

మేడం, ముందు ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. నేను డిగ్రీ కాలేజీ ల్యాబులో చాలా ఏళ్లు చేశాను, ఆ ప్రశ్న డిగ్రీ పిల్లలు కూడా అడగరు.

మీ బీకరు శుభ్రంగానే ఉంది. ఆ నీలం నిజమే. అనుమానం తీరాలంటే అందులోంచి కొంచెం వేరే నాళికలోకి తీసుకుని అమ్మోనియా ద్రావణం చుక్కచుక్కగా పోయండి. ముందు ఆమ్లం తటస్థం కావాలి కాబట్టి కాస్త ఎక్కువే పడుతుంది, తర్వాత ఒక్కసారిగా ముదురు నీలం వస్తుంది. రాగి అయాన్లు లేకపోతే ఆ రంగు రాదు. బిరడా పెట్టిన నాళికలోది కూడా అలాగే చేసి పక్కపక్కన చూపించండి.

ఇక కారణం. మీ ఇంట్లో రాగి బిందె ఉంటే అదే మీ పాఠం. బిందె నల్లబడితే అమ్మలు చింతపండు పెట్టి తోముతారు కదా, నలుపు పోయి రాగి ఎర్రగా మెరుస్తుంది. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. అది నలుపును కరిగిస్తుంది, కింద ఉన్న రాగిని ముట్టదు. ముట్టేదైతే ఇన్నేళ్ల తోముడికి బిందె చిల్లులు పడేది. ఆ నలుపు రాగి ఆక్సైడు. ఆమ్లానికి లోహం మీద బలం చాలదు కానీ దాని ఆక్సైడు మాత్రం తేలిగ్గా లొంగుతుంది, ఎందుకంటే ఆక్సైడులో రాగి అప్పటికే ఎలక్ట్రాన్లు వదిలేసి కూర్చుంది. కష్టమైన పని ముందే ఆక్సిజన్ చేసేసింది, ఆమ్లం చేయాల్సింది మామూలు తటస్థీకరణమే.

అంకెల్లో చెప్పుకోవాలంటే రాగి ప్రమాణ విద్యుత్ పొటెన్షియల్ +0.34 వోల్టులు, హైడ్రోజన్‌ది సున్నా, జింకుది −0.76. ఈ విలువ ఎంత ఎక్కువైతే ఎలక్ట్రాన్లు లాక్కునే బలం అంత ఎక్కువ. జింకు ఎలక్ట్రాన్లను హైడ్రోజన్ అయాన్లు ఇట్టే తీసుకుంటాయి, రాగి దగ్గర తీసుకోలేవు. అదే ఆమ్లంలో ఆక్సిజన్ కరిగి ఉంటే దాని విలువ +1.23, అది తీసుకోగలదు. మీ బీకరులో జరిగిందదే. గాలిలోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు పట్టుకుంటుంటే రాగి నెమ్మదిగా ద్రావణంలోకి దిగింది. బిరడా నాళికలో ఆక్సిజన్ అందలేదు, రాగి అలాగే ఉంది. మీరు అనుకోకుండానే పోలిక ప్రయోగం చేసేశారు.

కాబట్టి "రాగి ఆమ్లాలతో చర్య జరపదు" అని చెప్పకండి, "రాగి సజల ఆమ్లంలోంచి హైడ్రోజన్‌ను విడుదల చేయదు" అని చెప్పండి. మొదటి వాక్యం తప్పు, రెండోది ఒప్పు. ఈ రెండింటినీ ఒకటే చేసి చెప్పడం వల్లే పిల్లలు ఆ సీసా దగ్గర తికమకపడతారు.

మీ గదిలో చేయగలిగే పద్ధతి ఇది. రాగిని ముందు కాల్చి ఆక్సైడు చేయండి, తర్వాత ఆక్సైడును వెచ్చటి సజల ఆమ్లంలో కరిగించండి. విషవాయువు ఏదీ రాదు. ఆక్సైడుకూ ఆమ్లానికీ చర్య జరిగితే వచ్చేది లవణమూ నీళ్లే.

రాగి ఎక్కడిది తీసుకుంటారన్నది ముఖ్యం. మోటారు వైండింగ్ వైరు వద్దు, దానికి వార్నిష్ పూత ఉంటుంది, ఆమ్లం పట్టదు, కాలిస్తే కంపు. ఇంటి వైరింగుకు వాడే ఫ్లెక్సిబుల్ వైరు కొని, పైన ప్లాస్టిక్ తొడుగు బ్లేడుతో ఒలిచేయండి (తొడుగుతో సహా కాల్చడం మాత్రం అస్సలు వద్దు, ఆ పొగ మంచిది కాదు), లోపల సన్నటి పోగులుంటాయి. మందపాటి తీగను కాలిస్తే పైపొర నల్లబడి లోపల ఎర్రగానే ఉంటుంది, ఆ నల్ల పొరే లోపలి రాగికి అడ్డు. పోగులైతే చాలావరకు లోపలిదాకా మారిపోయి పెళుసవుతాయి. పింగాణీ మూసలో వేసి గ్యాస్ మంట మీద ఎర్రగా కాగేలా కాల్చండి, చల్లార్చండి, కదిపి మళ్లీ కాల్చండి. నాలుగైదుసార్లు చేశాక కల్వంలో వేసి నూరండి. స్పిరిట్ దీపంతో నల్లబడుతుంది కానీ సాయంత్రం దాకా కూర్చోవాలి.

కాల్చే ముందు, తర్వాత తప్పకుండా తూచండి. ఎందుకో తూచాక చెబుతాను.

ఆమ్లం 1 మోలార్ (లీటరు ద్రావణంలో 98 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం) సరిపోతుంది. గాఢ ఆమ్లం నుంచి చేసుకోవాలంటే లీటరు ద్రావణానికి సుమారు 55 మిల్లీలీటర్లు పడుతుంది, నీళ్లలోకి ఆమ్లం మెల్లగా పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, ఇది మీరు పిల్లలకు చెప్పేదే. 50 మిల్లీలీటర్ల ఆమ్లానికి లెక్క ప్రకారం 4 గ్రాముల ఆక్సైడు పడుతుంది. ఆమ్లాన్ని వేడి చేసి, మరిగించకుండా, ఆక్సైడు చిటికెడు చిటికెడు వేస్తూ గాజుకడ్డీతో కలపండి. ఇక కరగక అడుగున నల్లపొడి మిగిలిందంటే ఆమ్లం అయిపోయిందన్నమాట. వేడి మీదే వడపోయండి. నీలం ద్రావణం కిందికి దిగుతుంది, మిగిలిన ఆక్సైడు, కాలకుండా ఉండిపోయిన ఎర్ర రాగి పైన కాగితం మీద ఆగిపోతాయి. ఆ ఎర్ర ముక్కలు పారేయకండి, ఆ అమ్మాయి చేతికి ఇవ్వండి. అదే ఆమ్లం, అదే వేడి, నల్లది కరిగింది, ఎర్రది కరగలేదు.

వడపోసినదానికి ఒకటి రెండు చుక్కల ఆమ్లం కలపండి. లేకపోతే ఇగిరేటప్పుడు ఆకుపచ్చ క్షార లవణం తేలి మసకబారుతుంది. ఇది పుస్తకాల్లో పెద్దగా రాయరు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాం. తర్వాత సన్నటి సెగ మీద మూడో వంతుకు ఇగరనిచ్చి, గాజుకడ్డీ కొన ముంచి తీస్తే దాని మీద స్ఫటికం పొర కట్టాలి, అప్పుడు దించి, కాగితం కప్పి కదపకుండా రెండు మూడు రోజులు వదిలేయండి. పూర్తిగా ఇగిరేదాకా మాత్రం కాచకండి, స్ఫటికంలో ఉండే నీరు కూడా పోయి తెల్లపొడి అవుతుంది.

---

ఫార్మా_కుర్రాడు

పైన సర్ చెప్పినదంతా కరెక్ట్. గాఢ ఆమ్లం గురించి నేనొకటి చెప్పాలి, ఎవరైనా ఇది చదివి ఇంట్లో ట్రై చేస్తారేమోనని టెన్షన్.

బీఎస్సీలో ఉన్నప్పుడు మా బ్యాచ్‌లో ఇద్దరం సార్ లేనప్పుడు రాగి ముక్కల మీద గాఢ నైట్రిక్ ఆమ్లం పోశాం. నిమిషంలో గోధుమరంగు పొగ బీకరు దాటి బల్ల మీదికి పాకింది. నైట్రోజన్ డయాక్సైడ్ అది. కిటికీలు తీసి పరిగెత్తాం. నా ఫ్రెండుకు ఆ సాయంత్రం ఏమీ అనిపించలేదు, రాత్రికి ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆ వాయువు అలాంటిది, పీల్చిన కొన్ని గంటలకు గానీ ఊపిరితిత్తుల్లో దాని పని తెలియదు. వాడు కోలుకున్నాడు, కానీ ఆ రాత్రి వాళ్ల నాన్నగారి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

గాఢ సల్ఫ్యూరిక్‌తో కూడా అంతే. అణువుల లెక్కన రాగి ఒక పాలు, ఆమ్లం రెండు పాళ్లు పడుతుంది, అందులో సగం ఆమ్లం లవణం కావడానికి పోతే మిగతా సగం సల్ఫర్ డయాక్సైడ్ అయి గదిలోకి వస్తుంది. పైగా వచ్చేది నీలంగా కూడా ఉండదు, గాఢ ఆమ్లంలో నీరు చాలదు కాబట్టి బూడిదరంగు తెల్ల ముద్ద, దాంట్లో నల్లటి రాగి సల్ఫైడు మురికి. చల్లారాక దాన్ని నీళ్లలోకి తీసుకోవడం మళ్లీ ఇంకో ప్రమాదం. మేడం, మీరు చూపించలేకపోవడం లోటేమీ కాదండి.

---

స్క్రాప్_టు_సల్ఫేట్

నేను కాపర్ సల్ఫేట్ తయారుచేసే యూనిట్‌లో షిఫ్ట్ చూస్తాను. మేడం, మీ బీకరులో నాలుగు రోజులు పట్టిన పనే మేం పెద్ద ఎత్తున చేస్తాం.

చాలామంది ఫ్యాక్టరీలో గాఢ ఆమ్లం మరిగిస్తారనుకుంటారు. అలా చేస్తే సగం ఆమ్లం పొగైపోతుంది, ఆ పొగను పట్టుకోవడానికి మళ్లీ ఖర్చు. మేం తుక్కు రాగిని టవర్‌లో నింపి, వేడి సజల ఆమ్లాన్ని పైనుంచి కారుస్తూ తిప్పుతుంటాం, కింది నుంచి గాలి ఊదుతాం. రెండు పరమాణువుల రాగికి ఒక ఆక్సిజన్ అణువు, రెండు ఆమ్లం అణువులు, వచ్చేది రెండు సల్ఫేట్, రెండు నీళ్లు. మొత్తం ఆమ్లం సరుకులోకే వెళుతుంది. రాగి పూర్తిగా మునిగి ఉండకూడదు, తడిసీ తడవకుండా ఉండాలి, అప్పుడే గాలి దానికి బాగా తగులుతుంది. మీరు సగం రాగి పైకి కనబడేలా పెట్టారు చూడండి, అందుకే మీకు రంగు వచ్చింది. నిండా ముంచి ఉంటే ఇంకా చాలా రోజులు పట్టేది. ఈసారి అక్వేరియం పంపుతో గాలి ఊదించి చూడండి, కాస్త వేడి కూడా ఉంటే తేడా బాగా తెలుస్తుంది. బుడగలు పగిలి ఆమ్లం తుంపర్లు లేస్తాయి కాబట్టి పైన వాచ్‌గ్లాస్ మూత, మీ కళ్లకు అద్దాలు ఉండాలి.

1 గ్రాము రాగికి దాదాపు 3.9 గ్రాముల స్ఫటికాలు రావాలి లెక్క ప్రకారం. ఆ బరువంతా ఎక్కడిదంటే, స్ఫటికంలో రాగి నాలుగో వంతే, మూడో వంతు కంటే ఎక్కువ నీళ్లు. పిల్లలకు ఇది చెబితే ఆశ్చర్యపోతారు, చేతికి పొడిగా తగిలే వస్తువులో అన్ని నీళ్లు.

---

పల్లెబడి_టీచర్

అందరికీ చాలా థాంక్సండీ. ల్యాబు_పాతకాపు గారూ, అమ్మోనియా పెట్టి చూశాం. బీకరుది ముదురు నీలం, నాళికది ఏ రంగూ లేదు. క్లాసంతా ఒక్కసారి అరిచారు.

ఒక అబ్బాయి అడిగింది మాత్రం నాకూ సరిగ్గా తెలియలేదు. వాళ్ల నాయనమ్మ రాగి గిన్నెలో పులుసు పెట్టొద్దు, చిలుము పడుతుంది, విషం అంటుందట. "చింతపండు రాగిని ముట్టదని మీరే అన్నారు కదా మేడం, మరి ఆ చిలుము ఎక్కడిది?" అన్నాడు. ఇంకో మాట, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే తొందరగా అవుతుందని ఒక వీడియోలో చూశానండీ, నిజమేనా?

---

ల్యాబు_పాతకాపు

నాయనమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. తోమడానికి పట్టేది రెండు నిమిషాలు, వెంటనే కడిగేస్తాం. పులుసు రాత్రంతా గిన్నెలో ఉంటే దాని అంచు దగ్గర, పులుపూ గాలీ రెండూ తగిలే గీత వెంబడి, మీ బీకరులో జరిగిందే జరుగుతుంది. ఆక్సిజన్ రాగి దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకోవడం, పులుపు దాన్ని లవణంగా కరిగించుకోవడం. ఆ ఆకుపచ్చ చిలుము రాగి లవణాలే, కడుపులోకి పోతే వాంతులు. అందుకే వంటకు వాడే ఇత్తడి, రాగి పాత్రలకు లోపల తగరంతో కళాయి వేయించేవాళ్లు. వీధిలోకి కళాయి వేసేవాళ్లు వస్తే ఇంటింటా గిన్నెలు బయటికి వచ్చేవి. ఆ అబ్బాయిని గిన్నె అంచు గమనించమనండి, చిలుము ముందు మొదలయ్యేది అక్కడే.

పెరాక్సైడ్ నిజమే. అక్కడ గాలి బదులు పెరాక్సైడ్ ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, మిగిలేది నీళ్లు. మందుల షాపులో గాయాలకు అమ్మే పలుచటిది, సజల ఆమ్లంలో కొంచెం కొంచెంగా వేస్తే కళ్లముందే నీలం వస్తుంది. అయితే రాగి అయాన్లు పెరాక్సైడ్‌ను విరగ్గొడతాయి కూడా, అందుకే వచ్చే బుడగలు హైడ్రోజన్ అని పిల్లలు పొరబడతారు, అవి ఆక్సిజన్. దాన్ని సీసాలో పోసి మూత బిగించకూడదు, పగులుతుంది. గాఢ పెరాక్సైడ్ జోలికి అసలు వెళ్లకండి, ఒక్కసారిగా వేడెక్కి పొంగుతుంది. నాకైతే కాల్చే పద్ధతే నచ్చుతుంది, ఆక్సిజన్ చేరిన సంగతి తక్కెడ మీద కనబడుతుంది కాబట్టి.

---

నిమ్మతోట_గూడూరు

సైన్సు ఎక్కువ తెలియదు, మైలుతుత్తం మాత్రం ఏళ్ల తరబడి వాడుతున్నాను. నిమ్మకు గజ్జి తెగులు వస్తే బోర్డో మిశ్రమం కొడతాం. ఒక శాతం మందుకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. రెండూ వేరువేరుగా కరిగించి, సున్నం నీళ్లలోకి మైలుతుత్తం నీళ్లు కలుపుతూ పోయాలి. ప్లాస్టిక్ డ్రమ్ములోనే. ఇనప బకెట్లో పోస్తే రాగి బకెట్‌కి పట్టేస్తుంది, మందు బలం పోతుంది. సున్నం సరిపోయిందా లేదా అని చూడటానికి సాన పట్టిన కత్తి కాసేపు ముంచుతాం, దాని మీద ఎర్రగా పడితే ఇంకా సున్నం వేయాలి.

మేడం, పిల్లలకు ఇది కూడా చూపించండి, వాళ్ల ఇళ్లల్లో చాలామందికి తోటలుంటాయి. ఒక చిన్న మాట, మిగిలిన నీలం నీళ్లు కాలవలోకో చెరువులోకో పోయనివ్వకండి. చేపలు బతకవు.

---

ల్యాబు_పాతకాపు

రైతు గారి కత్తి పరీక్ష అచ్చంగా స్థానభ్రంశ చర్యే మేడం. ఇనుము రాగి కంటే చర్యాశీలత ఎక్కువ కాబట్టి తాను కరిగి రాగిని బయటికి తోస్తుంది. ఈ మందు పుట్టుక కూడా బాగుంటుంది. ఫ్రాన్సులో బోర్డో దగ్గర దారిపక్క ద్రాక్షను బాటసారులు కోసుకోకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు. ఆ తీగలకు బూజు తెగులు పట్టలేదని 1882లో మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించాడు, 1885లో పద్ధతి ప్రకటించాడు.

మీ దగ్గర మిగిలిన ద్రావణంలో ఇనప మేకులు వేసి నీలం పోయేదాకా ఉంచండి. రాగి ఎర్రగా అడుగున చేరుతుంది, వడపోసి దాచుకోండి. నీళ్లను సున్నంతో తటస్థం చేశాక పారబోయవచ్చు.

---

పల్లెబడి_టీచర్

పది రోజుల తర్వాత రాస్తున్నాను. అయిందండీ!

సరిగ్గా 3 గ్రాముల పోగులు తీసుకున్నాం. మధ్యాహ్న భోజనం వండే అమ్మలు గ్యాస్ పొయ్యి ఇచ్చారు, ఐదుసార్లు కాల్చాం. తూచితే 3.5 గ్రాములు. పిల్లలు నమ్మలేదు, కాలిస్తే బరువు తగ్గాలి కదా మేడం అని మళ్లీ తూయించారు. మళ్లీ 3.5. ఆ అర గ్రాము గాలిలోంచి వచ్చిందని నేను చెప్పకముందే, మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి చెప్పింది. అర గ్రాము ఆక్సిజన్‌కు ఎంత రాగి మారి ఉండాలో బోర్డు మీద లెక్క వేస్తే 2 గ్రాములు వచ్చింది, అంటే ఇంకో గ్రాము రాగిగానే ఉండాలి. దాని ప్రకారం ఆమ్లం 30 మిల్లీలీటర్లే తీసుకున్నాం. వడపోశాక కాగితం మీద మిగిలింది కడిగి ఆరబెట్టి తూచితే 1.1 గ్రాములు, ఎర్ర ముక్కలు, కాస్త నల్లపొడి. లెక్క అలా కుదరడం చూసి నాకే ఒళ్లు పులకరించింది.

స్ఫటికాలు ఇప్పటికి 5 గ్రాములు వచ్చాయి, ద్రావణం కొంచెం ఇంకా ఉంది. అన్నీ చిన్నవి, పంచదార పలుకుల్లాగా. ఒకటైనా పెద్దది పెంచాలని పిల్లలు పట్టుబడుతున్నారు. ఎలాగండీ?

---

ల్యాబు_పాతకాపు

చాలా సంతోషం మేడం. తొందరగా చల్లారితే చిన్నవే వస్తాయి. ఉన్నవాటిలో అంచులు చక్కగా ఉన్నది ఒకటి ఏరి సన్నటి నైలాన్ దారానికి కట్టండి, నూలు దారం వద్దు, దాని పీచు పొడుగునా పిల్ల స్ఫటికాలు పడతాయి. మిగతావి గోరువెచ్చటి నీళ్లలో ఇక కరగనంతవరకు కరిగించి, పూర్తిగా చల్లారనిచ్చి, వడపోసి, ఆ తర్వాతే ఇది వేలాడదీయండి. వేడిగా ఉండగా దించితే కట్టింది కాస్తా కరిగిపోతుంది. మీ 5 గ్రాములకు 15 మిల్లీలీటర్లు కూడా రాదు, కాబట్టి బీరువాలో ఉన్న ఆ నీలం సీసాలోంచి కూడా కొంచెం తీసుకోండి. కాగితం కప్పి, ఎండ తగలని చోట, ఎవరూ బల్ల కదపకుండా రెండు వారాలు ఉంచండి. ఫొటో పెట్టడం మర్చిపోవద్దు.